పన్నెండో నంబరు

"ఏం పెద్దాయనా, వీపు మీద ఆ పేరేంటి?"

కుజిరై చేతిమైకు దించకుండానే అడిగాడు. గోల్ వెనక మెట్ల మీద నిలబడ్డ వేలమందికీ ఆ మాట వినబడింది.

ఇసోహామా ఫుట్‌బాల్ జట్టుకు ఆ సీజన్‌లో అదే ఆఖరి ఆట. గెలిస్తే మొదటి విభాగంలో ఉంటారు. లేదంటే రెండో విభాగానికి పడిపోతారు.

ఫిబ్రవరి చలిలో మొదలైన సీజన్ డిసెంబరు చలికి వచ్చేసరికి కుజిరై గొంతు సగం పోయింది, ఓపిక మొత్తం పోయింది. వానలు పడ్డన్నాళ్ళూ ఓటములే. ఆ తర్వాత ఎండల్లో, గోల్స్ కొట్టే ఒక్కగానొక్క కుర్రాణ్ణి క్లబ్బు అధ్యక్షుడు బెల్జియం వాళ్ళకు అమ్మేశాడు. అమ్మేసి, "భవిష్యత్తు మీద నమ్మకం ఉంచండి" అన్నాడు. ఒళ్ళు మండదూ మరి?

కుజిరై అభిమానులకు నాయకుడు. ఎవరూ ఎన్నుకోలేదు. పదేళ్ళుగా మైకు అతని చేతిలో ఉంది, అంతే. మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి పాటలు పాడిస్తాడు. తమవాళ్ళు గోల్ కొట్టారో, ఎదుటివాళ్ళు కొట్టారో ఆ ముఖాలు చూసి తెలుసుకోవలసిందే. ఆట చూడకపోవడం అతనికి పెద్ద గొప్ప.

అక్కడ అందరి చొక్కాల మీదా ఒకటే నంబరు, పన్నెండు. మైదానంలో పదకొండు మంది, పన్నెండోవాళ్ళు అభిమానులు. ఆ నంబరు ఏ ఆటగాడికీ ఇవ్వరు. దాని మీద ఎవరూ సొంత పేరు వేసుకోకూడదని కుజిరై గుంపు నియమం పెట్టుకుంది.

ఈ మనిషికి అరవై దగ్గర పడి ఉంటాయి. ఆలస్యంగా వచ్చి వరసలోకి దూరాడు. వెనకవాళ్ళకు అడ్డమొచ్చానేమోనని అటు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు. అప్పుడు కనబడింది వీపు. వెలిసిపోయిన పాత చొక్కా, పన్నెండు, దానిపైన ఒబినాతా అని పేరు.

"నా పేరేనండి" అన్నాడు.

"అది తెలుస్తూనే ఉంది. పన్నెండు మీ ఒక్కరి సొత్తా?"

"కాదండి. మీ అందరిదీ."

"మరి పేరెందుకు?"

"ఎప్పుడో వేసిందండి. చాలా కాలమైంది."

"అంత కాలం నించీ అభిమానం ఉంటే ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? మేం వానలో తడుస్తూ ఓడుతున్నప్పుడు ఒక్కరోజైనా ఇటు తొంగిచూశారా?"

"ఆఖరి ఆటకి తగుదునమ్మా అని వచ్చేస్తారు" అన్నారెవరో. చుట్టూ నవ్వులు.

డప్పు దగ్గరున్న హొనామి గొంతు తగ్గించి అంది.

"పోన్లే అన్నా. పెద్దాయన. ఆట మొదలైపోతోంది."

"ఇవాళ ఒకణ్ణి వదిలేస్తే రేపు అందరూ పేర్లు కుట్టించుకొస్తారు. కుర్రాణ్ణి అమ్ముకున్న ఆ పైనున్నాయనకి ఎలాగూ సిగ్గు లేదు. మనకైనా ఉండొద్దా?"

కోపం అధ్యక్షుడి మీదిది. చేతికి అందింది మాత్రం ఈ మనిషి.

"చొక్కా తీసెయ్యండి. లేదా అటు కుర్చీల్లోకెళ్ళి, వేడి టీ తాగుతూ చూసుకోండి. ఇది పాడేవాళ్ళ చోటు."

"పాడదామనే వచ్చానండి. ఇక్కడ నిలబడి ఒక్క ఆటకైనా..."

"చొక్కా!"

ఆ మనిషి చొక్కా అంచు పట్టుకున్నాడు. తియ్యబోయి వదిలేశాడు.

"దీన్ని మళ్ళీ తియ్యడం నా వల్ల కాదండి. క్షమించండి."

వంగి దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నియమం నిలబెట్టానని కుజిరై ఛాతీ విరుచుకున్నాడు.

మొదటి గోల్ తమదే. ఎదురుగా ముఖాలన్నీ వెలిగిపోయాయి. పాటతో మెట్లు అదిరాయి.

ఆట ముగియబోతుండగా హొనామి డప్పు ఆగిపోయింది. కుజిరై వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ముఖం చూస్తే చాలింది.

ఒకటి ఒకటి. జట్టు రెండో విభాగానికి పడిపోయింది.

ఆటగాళ్ళు వరసగా వచ్చి గోల్ ముందు తలలు వంచారు. అధ్యక్షుడు మైకు పట్టుకోగానే కుజిరై మిగిలిన సగం గొంతూ ఖర్చు పెట్టాడు.

"దిగిపో! దిగిపో!"

వేల గొంతులు అందుకున్నాయి. అధ్యక్షుడి మాట ఒక్కటీ ఎవరికీ వినబడలేదు. వినదగ్గ మాటలు ఆయన దగ్గర లేవు కూడా.

చివరికి కెప్టెన్ మైకు తీసుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అరుపులు తగ్గాయి. కుజిరై ఆ రోజు మొదటిసారి మైదానం వైపు తిరిగాడు.

"మమ్మల్ని తిట్టండి. ఆ హక్కు మీకుంది" అన్నాడు కెప్టెన్. "ఈ మాట మాత్రం గెలిచినా ఓడినా చెప్పాలనుకున్నాం. పన్నెండో నంబరు మీదై ఈ సీజన్‌తో పాతికేళ్ళు. దానికోసం ఒక మనిషిని పిలిచాం. ముందుగా ఎవరికీ చెప్పొద్దని ఆయనే అన్నారు."

కెప్టెన్ గోల్ వెనకనున్న వరసలన్నీ వెతుకుతూ చూశాడు.

"ఇకనుంచి ఇది వాళ్ళదని ఒంటి మీది పన్నెండు విప్పి మీకిచ్చేసిన ఆటగాడు, అతిథుల కుర్చీ వద్దు, వాళ్ళ మధ్యే నిలబడి పాడతానని టికెట్ కొనుక్కుని మరీ వచ్చారు, ఒబినాతా గారూ, మీరెక్కడున్నా ఒక్కసారి చెయ్యెత్తండి."