నీకు జత నేనే

"ఏయ్, ఎవరయ్యా అది? నా ఇంటి కిందకి దూరుతున్నావేంటి?"

డెల్ఫీనా అరుపుకి, కొత్త ఇంటి అడుగున టార్చిలైటు వేసి చూస్తున్న ముసలాయన తాపీగా లేచాడు. మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు.

"చక్రాలు తీసేశారా లేదా అని చూస్తున్నానమ్మాయ్."

"తీసేశారు. సిమెంటు పునాది వేశారు, బోల్టులు బిగించారు. అయితే నీకేంటి?"

ఆమె విసుగులో న్యాయముంది.

ఎనిమిదేళ్ళు సైన్యంలో లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. మాజీ సైనికులకిచ్చే లోనుతో ఇల్లు కొందామని బయల్దేరిన నాటినుంచి ఆమెకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇల్లు ఫ్యాక్టరీలో తయారై, అడుగున చక్రాలతో, రెండు భాగాలుగా లారీల వెనక ఈ న్యూ మెక్సికో కొండలెక్కి వచ్చింది. బ్యాంకు దాన్ని ఇల్లంటుంది. రవాణా ఆఫీసు బండంటుంది. బండి కాగితం రద్దయితే తప్ప అది ఇల్లు కాదట! ఇల్లయితే తప్ప లోను రాదట! ఖర్మ!

పైగా లోనుకి పెట్టిన రోజునుంచి ఇన్సూరెన్సువాడొకడు, సోలారు పలకలవాడొకడు, నీళ్ళ ఫిల్టరువాడొకడు. రోజుకొకడు తగలడుతున్నాడు.

ముసలాయన చంకలోంచి ఒక కవరు తీశాడు.

"ఈ కాగితం..."

"బాబ్బాబు, ఇంకో కాగితం అనకు. చచ్చిపోతాను."

"నా మాట విను బిడ్డా. ఈ లోయంతా గాలించినా నీకు జత దొరకదు."

"ఏంటీ?"

"నీకు జత నేనే. నన్ను కాదంటే తర్వాత ఇబ్బంది పడతావు."

డెల్ఫీనాకి తల గిర్రున తిరిగింది. మొగుడు వదిలేసి మూడేళ్ళు. ఇద్దరు పిల్లలతో అక్క ఇంట్లో ఒక్క గదిలో ఇరుక్కుని బతుకుతోంది. ఇల్లొస్తోందని తెలిసీ తెలియగానే, డెబ్బై ఐదేళ్ళ ముసలాడు సంబంధం కలుపుకోవడానికి తయారు!

"సిగ్గులేదూ? మా తాత వయసు నీది! నడు ఇక్కణ్ణుంచి!"

"అయ్యో, అది కాదమ్మా! ఇంటికి..."

"అవును, ఇంటికే! మీ ఇంటికి!"

ఆయన కవరు మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సంగతి విని అక్క రమోనా పడీపడీ నవ్వింది.

"వచ్చిన ఒక్క సంబంధాన్నీ తరిమేశావు కదే! కనీసం పళ్ళున్నాయా ఆయనకి?"

ఇది సోమవారం మాట.

బుధవారం పొద్దున బ్యాంకు నుంచి ఫోను.

"డెల్ఫీనా గారూ, చిన్న చిక్కొచ్చింది. మీరు కొన్న ధరకి ఇంటి విలువ రావడం లేదట."

"ఎందుకు రాదండీ? విలువ కట్టే ఆయన గోడలన్నీ తట్టి తట్టి చూసి వెళ్ళారుగా?"

"గోడలకేం, బాగానే ఉన్నాయి. కానీ ఇలాంటి ఇల్లే, ఇలాగే పునాది మీద కూర్చోబెట్టింది, మీ చుట్టుపక్కల ఈ ఏడాదిలో ఎవరో ఒకరు కొని ఉండాలి. దాంతో పోల్చి విలువ కడతారు. అలాంటిది ఆయనకి దొరకలేదు. రేపటిదాకా గడువిచ్చారు."

"ఆఫీసు రికార్డుల్లో చూసుకోవచ్చుగా!"

"మన రాష్ట్రంలో అమ్మిన ధర రికార్డుల్లో కనబడదండీ. కొన్నవాళ్ళే కాగితం చూపించాలి. దాన్ని మేము జత ఇల్లంటాం."

"ఏమంటారూ?"

"జత. మీ ఇంటికి జత."

డెల్ఫీనాకి సోమవారం నాటి ముసలాయన చేతిలోని కవరు గుర్తొచ్చింది.

శుక్రవారంలోగా లోను రాకపోతే చక్రాలు మళ్ళీ బిగించి ఇల్లు లాక్కుపోతానని అమ్మినవాడు ముందే చెప్పాడు. పిల్లలు అప్పుడే ఎవరి మంచం ఎక్కడో గొడవపడి పంచుకున్నారు కూడా.

ఆ ముసలాయన పేరేంటో తెలియదు. ఊరేంటో తెలియదు. పెట్రోలు బంకులో అడిగింది, చర్చి దగ్గర అడిగింది. టోపీ పెట్టుకున్న ముసలాయన అంటే ఈ లోయలో ఎవరు కాదు గనక! నా నోరు పడిపోను, ఆ కవరేదో ఒకసారి తీసి చూస్తే నా సొమ్మేం పోయేది, అని తనని తానే తిట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

"జత దొరికిందండీ! విలువ సరిపోయింది. లోను వచ్చినట్టే."

"ఎలా?"

"సెలెస్తీనో అని ఎవరో పెద్దాయన తను ఇల్లు కొన్న కాగితం పోస్టులో పంపారు. మీ స్థలంలో మా బ్యాంకు బోర్డు చూశారట. 'ఆ అమ్మాయి కోపంగా ఉంది, అందుకని మీకే పంపుతున్నాను' అని చీటీ కూడా పెట్టారు."

డెల్ఫీనా నవ్వింది, ఏడ్చింది. పచ్చిమిరపకాయలూ పంది మాంసమూ వేసి గిన్నెడు కూర వండింది. చీటీ మీదున్న చిరునామా కనుక్కుని లోయ ఆ చివరికి వెళ్ళింది.

అచ్చం తన ఇల్లే. తలుపుకి తాళం వేస్తూ ఒకామె కనిపించింది.

"సెలెస్తీనో గారు..."

"మామయ్య మంగళవారం పోయాడండీ. నిద్రలోనే."

డెల్ఫీనా గిన్నె మెట్టు మీద పెట్టింది. సైన్యం లోనుతో ఇల్లొచ్చిన సంగతీ, తను తరిమిన సంగతీ, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది. కిటికీలోంచి చూస్తే లోపల నేల మీద పరిచిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు.

"ఆయన ఇందులో ఉండేవారు కాదా?"

"ఎక్కడండీ! ఆ వెనకాల డొక్కు ట్రెయిలర్ బండిలోనే పడుకునేవాడు. పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వింది."

"మరి ఎందుకు కొన్నారు?"

ఆమె తాళంచెవి జేబులో వేసుకుంది.

"మామయ్యా సైన్యంలో చేసినవాడేనండీ. అత్త బతికుండగా ఈ లోనుకే పెట్టాడు. పోల్చడానికి ఈ లోయలో ఒక్క ఇల్లూ లేదని తిప్పి పంపారు. అత్త ఆ డొక్కులోనే పోయింది. ఆ తర్వాత, ఈ ఏడాది మొదట్లో, ఉన్న ఆవులన్నీ అమ్మి, అడిగిన ధర నగదుగా పోసి ఇది కొన్నాడు, తన వెనక వచ్చే సిపాయి ఎవరో ఏమో గానీ వాళ్ళని మాత్రం తిప్పి పంపకూడదని."