చిప్ లేని ఇంజన్

"ఏటిరా, ఇది కదల్దేటి?"

కిరండూల్ రైల్వే క్వార్టర్లో, తమ్ముడు దేవరాజు పరిచిన బొమ్మ పట్టాల మీద తన చిన్ననాటి ఇంజన్ పెట్టి అడిగాడు తాతబాబు. అది జుమ్మని మోగుతోంది. పక్క పట్టాల మీద తమ్ముడి కొత్త బొమ్మ ఇంజన్ ఖనిజం వ్యాగన్లను లాక్కుపోతోంది.

వంటింట్లోంచి వచ్చిన మరదలు గురమ్మ అదిరిపడింది. "తీసేయండి బావగారూ! ఇవి డిజిటల్ పట్టాలు. చిప్ లేని పాత ఇంజన్ పెడితే మోటారు మాడిపోద్దని ఈయనే చెప్పారు."

పొగ లేచింది. తీయబోయిన అన్న చెయ్యి పట్టుకున్నాడు దేవరాజు.

"మరి పెట్టమన్నావేట్రా?"

"చిన్నప్పుడు నన్నొక్కసారైనా ముట్టుకోనిచ్చావా?"

"ఇయ్యాల నీకిచ్చేద్దామనే తెచ్చాన్రా!"

"తెలుసు. వదిన నిన్ననే ఫోన్లో చెప్పింది."

వాసన ఇల్లంతా నిండినా దేవరాజు ఆ చెయ్యి వదల్లేదు.