క్యాచర్ కబుర్లు

బేస్‌బాల్ ఆటలో వార్డెల్ జట్టు ఆధిక్యం ఒక్క పరుగుకు పడిపోయింది. అతను విసిరిన బంతుల్ని వరుసగా ముగ్గురు చితక్కొట్టారు. బ్యాటర్ వెనక కూర్చుని బంతులందుకునే ముసలి క్యాచర్ డెల్బర్ట్ ముసుగు పైకెత్తుకుని, వార్డెల్ దగ్గరికి తీరిగ్గా నడిచొచ్చాడు.

"నా విసురులో తప్పేంటన్నా?"

డెల్బర్ట్ చేతితొడుగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "శుక్రవారం కదా, రాత్రికి చేపలు తిందామా?"

"ఆట సంగతి చెప్పన్నా."

"కిందటిసారి ముళ్ళొచ్చాయిరా."

వార్డెల్ పక్కకి చూశాడు. కంచె దగ్గర తన బదులు దిగాల్సిన ఆటగాడు చెయ్యి వేడెక్కడానికి గబగబా బంతులు విసురుతున్నాడు.

"వాడు సిద్ధమయ్యేదాకా నన్ను మాటల్లో పెట్టమని కోచ్ చెప్పాడా?"

"ఊఁ. చేపల కబుర్లు కూడా అయిపోవచ్చాయి."

వార్డెల్ ఒంటిమోకాలి మీద కూర్చుని, బిగువుగానే ఉన్న షూ లేసు విప్పి, నిదానంగా మళ్ళీ కట్టుకోసాగాడు.