నల్ల పుల్ల

"దీని మీద వేరే చెయ్యి పడిందండీ," అన్నాడు బ్యాంకు గుమాస్తా.

సైకిలు ముందు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, పుల్లల్ని ఒక్కొక్కటిగా వేలితో మీటి చూస్తున్నాడు. ఇరవై పుల్లలు. పందొమ్మిది వెండిలా మెరుస్తున్నాయి. ఒక్కటి నలుపు.

"ఒక్క పుల్లే కదండీ," అన్నాడు చక్రాలు అమ్ముతున్న పుస్తకాల బైండరు.

"చేతితో కట్టిన చక్రాలనే కదా ఇంత ధర చెబుతున్నారు? అలాంటప్పుడు కట్టినవాడి చెయ్యి తప్ప ఇంకొకడిది పడకూడదు. సగానికిస్తే తీసుకుంటా."

"సగానికి ఉత్త రిమ్ములు కూడా రావు."

"అయితే మీరే ఉంచుకోండి."

గుమాస్తా చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

బైండరు సైకిలు ఫ్రేము చీలింది. అతికించే రకం కాదు. పుస్తకాలకి అట్టలు వేసి అంటించినంత తేలిక కాదది. షాపులో కొత్త సైకిలు చూసుకుని అడ్వాన్సు ఇచ్చాడు. మిగతాది ఈ సాయంత్రంలోగా కట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. పాతదాంట్లో మిగిలిన ఈ చక్రాలు అమ్ముడైతేనే ఆ సైకిలు.

ఫొటోతో చీటీ రాసి అదే షాపు గోడకి అంటించాడు. ఫోనులో బేరాలాడేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. ఇంటి చిరునామా ఒక్కటే రాశాడు.

"ఆ పుల్ల సంగతి చెప్పకపోయారా?" అంది భార్య వంటగదిలోంచి. "కనబడ్డ ప్రతివాడికీ చెబుతారుగా."

చెబుతాడు. ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

తండ్రికి ఆఖరి గడియలని కబురొచ్చిన రోజది. కుండపోత వాన. బస్సులు ఆగిపోయాయి. తలకి తువ్వాలు చుట్టుకుని సైకిలెక్కాడు. సగం దారిలో ముందు చక్రం గోతిలో పడి పుల్ల విరిగింది. రిమ్ము వంకర తిరిగి బ్రేకుకి పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తుంటే ఎవరో సైకిలు మీద వచ్చి ఆగాడు. నెత్తి నుంచి మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు. మొహం కనబడలేదు.

ఏమైందని అడిగితే "మా నాన్న..." అంటూ బైండరు ముందున్న దారి వైపు చెయ్యి చూపించాడు.

ఆ మనిషి ఇంకేమీ అడగలేదు. తన చక్రంలోంచి ఒక పుల్ల ఊడదీసి దీనికి బిగించాడు. తిప్పి తిప్పి చూసి బెండు తీశాడు.

"మరి మీరెలా వెళ్తారు?"

"నడుస్తాను. మీరు పొండి."

బైండరు చేరేసరికి తండ్రికి ఇంకా తెలివి ఉంది. "తడిసిపోయావురా. తల తుడుచుకో," అన్నాడు. అవే ఆఖరి మాటలు.

ఆ మనిషి కనబడితే కాళ్ళకి మొక్కుతానని బైండరు అందరితోనూ అంటాడు. కనబడని కాళ్ళకి మొక్కడం తేలికే.

"కథలకి ధర పలకదే," అన్నాడు భార్యతో.

మూడింటికి ఇంకొకడు వచ్చాడు. గళ్ళ చొక్కా, సగం నెరిసిన గడ్డం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వెనక చక్రం వైపు కన్నెత్తి చూడలేదు. ముందు చక్రాన్ని ఎత్తి పట్టుకుని తిప్పాడు. అది ఆగేదాకా చూశాడు.

"బెండు లేదు," అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

"ఎందుకుంటుందండీ? కడిగిన ముత్యం!"

"మరి ఈ నల్లదేమిటి?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"అదా? కట్టినాయనే పెట్టాడండీ. అది ఆయన గుర్తు. ప్రతి జతలోనూ ఒకటి పెడతాడు," అన్నాడు బైండరు, తడుముకోకుండా.

"ఎప్పుడూ పుల్ల విరగలేదా?"

"కట్టినాయనది తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మా నాన్న మీద ఒట్టు."

గళ్ళ చొక్కా మనిషి ఆ నల్ల పుల్ల మీద వేలుంచి, తీసేశాడు. చక్రాన్ని పసిబిడ్డని దించినట్టు దించి గోడకి ఆనించాడు.

"అయితే ఇవి కావు."

"ఏవి కావు?"

"ఫొటో చూసి వేరే ఒకాయనవి అనుకున్నాను. ఆయన్ని ఒక్క మాట అడుగుదామని వచ్చాను."

"అంటే కొనడానికి కాదా?"

"నాకున్నవి చాలండీ."

బైండరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొనేవాడివి కానప్పుడు రెండంతస్తులెక్కి వచ్చి తిప్పి చూడ్డమెందుకయ్యా? ఇదేమన్నా సర్కసా? బేరం వేళ వచ్చి కూర్చుంటారు పనీపాటా లేనివాళ్ళు!"

"కూర్చోలేదండీ," అన్నాడు ఆ మనిషి నెమ్మదిగా. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మామయ్యగారి మీద ఒట్టెందుకండీ?"

"పోయినాయన మీద వేస్తే కొత్తగా పోయేదేముందే?"

"ఆయనేదో అడగాలన్నాడు. ఏమిటో అడగనివ్వాల్సింది."

"అడిగితే చక్రాలు అమ్ముడవుతాయా?"

ఇంకెవరైనా వస్తున్నారేమోనని బైండరు బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూశాడు. సందులో ఎండ చురుక్కుమంటోంది. గళ్ళ చొక్కా మనిషి గోడకి ఆనించిన పాత సైకిలు తీసుకుని, కాసేపు నడిపించి, ఎక్కాడు. సందు మలుపు దగ్గర సైకిలు పక్కకి తిరిగింది.

దాని ముందు చక్రం నిండా నల్ల పుల్లలు; వాటి మధ్య ఒకే ఒక్క తెల్ల పుల్ల, తిరిగినప్పుడల్లా ఎండకి తళుక్కుమంటూ, మలుపు దాటిపోయింది.