బాగుందని ఒక్క మాట

స్పెయిన్‌లోని గలీసియా తీరంలో, సముద్రం పక్క రోడ్డు మీద పొద్దున్నుంచి ఇది అయిదో ద్రాక్షతోట. కారు నడుపుతున్న ఉషియాకు ఓపిక నశించింది. వైన్ రుచి చూసే ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న కూతురిని సరదాగా తిరిగొద్దామంటూ బయల్దేరదీసిన తండ్రి బెనిగ్నో, ప్రతి తోట దగ్గరా తానొక్కడే దిగి లోపలికి పోతున్నాడు. పావుగంటకు ముఖం మాడ్చుకుని వస్తున్నాడు.

"నన్నొక్క గుక్కయినా తాగనివ్వవా నాన్నా?"

"బండి నడిపేదానివి, నీకు తాగుడేంటి? కూర్చో."

"డ్రైవరు కావాలంటే ఆ ముక్క ఇంటి దగ్గరే చెప్పాల్సింది!"

ఈసారి ఆయన వెనకే తోట యజమానురాలు వైన్ గ్లాసుతో వచ్చి, కిటికీలోంచి అందించింది.

"సరుకు పాడైందని యజమాని మొహం మీదే చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నది నువ్వేనటగా? నీకు పని ఇమ్మని మీ నాన్న ఒకటే బతిమాలుతున్నాడు. ఇదెలా ఉందో చెప్పు."

ఉషియా తండ్రి వైపు చూసింది. బాగుందని చెప్పమని ఆయన కళ్లతోనే ప్రాధేయపడ్డాడు. ఆమె వాసన చూసి, చుక్క నాలుక మీద వేసుకుంది.

"పులిసిపోయిందండీ."

యజమానురాలు గ్లాసు లాక్కుని వెళ్లిపోయింది.

బెనిగ్నో కారెక్కి తలుపు ధడాలున వేశాడు. "బాగుందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఉషియా కారు స్టార్ట్ చేసింది.

కారు రోడ్డెక్కాక ఆయనే అన్నాడు. "నేనూ తాగి చూశాలే. వెనిగరే. పోనీ, ఆ మలుపు తిరిగితే ఇంకో తోటుంది."