కుట్టు విప్పిన పార్శిల్

"ఏంటది? లోపల ఏం పెడుతున్నారు?"

ప్రేమమణి గొంతుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమ్మంలో ఉన్నవాళ్లంతా తలతిప్పి చూశారు.

మెట్ల పక్కన పట్టా పరుచుకుని కూర్చున్న ముసలాయన చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఆవిడ పార్శిల్‌కి గోనెగుడ్డ చుట్టి మూడు వైపులా కుట్టేశాడు. నాలుగోవైపు సందులోంచి చిన్న పొట్లం లోపలికి తోస్తూ దొరికిపోయాడు. మైనం కాగితం పొట్లం, పైన ఎర్రదారం చుట్టి ఉంది.

"ఉండనియ్యమ్మా, మంచికే," అన్నాడాయన. "ఇది లోపల ఉంటే పార్శిల్ తొవ్వ తప్పది."

ప్రేమమణి ఆయన నుదుటి మీద విభూతి చూసింది, ఎర్రదారం చూసింది. ఇంకేం అడగక్కర్లేదనిపించింది.

అసలే పొద్దుట్నుంచి కాళ్లరిగేలా తిరిగి ఉంది. పద్మారావు నగర్‌లో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషికి, మొదటిసారి పైఊరి నుంచి బేరం వచ్చింది. రేపల్లెలో ఎమిలీ అనే పిల్ల పెళ్లి. తెల్లచీరకు లేసు అంచు, మేలిముసుగు. నెలన్నర కళ్లు పొడుచుకుని కుట్టింది. కొరియర్ వాళ్లు చెప్పిన రేటు వింటే కూలీలో సగం అక్కడే పోయేట్టుంది. పోనీ ఎవరి చేతికైనా ఇచ్చి పంపుదామంటే అటు వెళ్లేవాళ్లే లేరు. చివరికి ఎవరో ఈ ట్రాన్స్‌పోర్టు చౌక, రెండ్రోజుల్లో చేరుస్తారని చెప్పారు.

"గోనె కుట్టి ఇస్త, ఇటు తేమ్మా," అని ముసలాయనే పిలిచాడు.

"గురువారం పెళ్లండీ. జాగ్రత్తగా కుట్టండి," అని అట్టపెట్టె అప్పజెప్పి, అడ్రసు కాగితం కూడా ఆయన దగ్గరే పెట్టి, తను కౌంటరు దగ్గర వరసలో నిలబడింది.

"ఎంతివ్వాలి?" అంటే "ఏం వద్దు" అన్నాడు. అనుమానం అప్పుడే మొదలైంది. ఈ రోజుల్లో ఊరికే ఎవరు కుడతారు?

"పెళ్లిబట్టల్లో తాయెత్తు పెడతారా? మేం ప్రార్థన చేసుకుని కట్టిన పెట్టె ఇది," అంటూ పొట్లం లాగేసింది.

"అది కాదమ్మా, జెర ఇను..."

"ఏం వినక్కర్లేదు."

లోపల్నుంచి గుమస్తా మధుసూదన్ వచ్చాడు. నెల కిందటే చేరాడు. కొత్త మనిషికి అధికారం ఎక్కువ.

"ఏందీ లొల్లి? వచ్చేటోళ్లను పరేషాన్ చేస్తున్నవేంది పెద్దాయనా? లే ఇక్కడికెళ్లి. మళ్ల రాకు."

ముసలాయన నాలుగోవైపు కూడా శుభ్రంగా కుట్టి, ముడివేసి, దారం తెంపాడు. ప్రేమమణి తను సిరాతో గుండ్రంగా రాసిన అడ్రసు కాగితానికి మైదా జిగురు పూసి గోనె మీద అంటిస్తుంటే, మబ్బుపట్టిన ఆకాశం వంక ఒకసారి చూశాడు. పట్టా దులుపుకుని వెళ్లిపోయాడు.

పొట్లం పాస్టరుగారికి చూపిద్దామని సంచిలో పడేసి, ఆ సంగతే మరిచిపోయింది.

ఆ రాత్రి పట్టిన వాన రెండ్రోజులు వదల్లేదు.

బుధవారం రేపల్లె నుంచి పక్కింటికి ఫోను. "ఇంకా రాలేదండీ." గురువారం పొద్దున మళ్లీ ఫోను. శుక్రవారం పెళ్లికూతురి తల్లి ఒకే మాట చెప్పి పెట్టేసింది: "పిల్ల ఎవరిదో పాతచీర అడిగి కట్టుకుంది. మీకో దండమమ్మా."

ప్రేమమణి ఆ పూట అన్నం తినలేదు. బేరం పోయినందుకు కాదు, ఆ పిల్లను తలుచుకుని ఏడ్చింది.

శనివారం మధుసూదన్ రసీదు చూసి తల గోక్కున్నాడు. "వానకు పేరు కాగితం ఊడినట్టుంది. గట్లాంటివన్నీ తిరుమలగిరి గోడౌన్ల ఏస్తరు. పోయి చూస్కోండ్రి."

గోడౌన్ కీపర్ జీవరాజు ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. గోడవారగా గోనెమూటలు. ఒకదాని మీద ఎండిపోయిన మైదా మరక చూసి ఆవిడే గుర్తుపట్టింది.

జీవరాజు కుట్టు విప్పాడు. లేసుకు చెమ్మ వాసన పట్టింది.

"లోపల చీటీ ఉంటే ఆ రోజే పంపిస్తుంటిమమ్మా," అన్నాడు. "రెండేండ్ల సంది ఈ గది ఖాళీగనే ఉండె. ఏ మూట విప్పినా లోపల మైనం కాగితంల పేరు, ఊరు దొరుకుతుండె. నాలుగు రోజుల సంది చీటీల్లేని మూటలతోని మళ్ల నిండుతున్నది. ఎందుకో తెల్వది."

ప్రేమమణి సంచి అడుగున వెతికి పొట్లం తీసింది. ఎర్రదారం అప్పుడు విప్పింది, మొదటిసారి.

ఎమిలీ వాళ్ల అడ్రసు. కింద తన అడ్రసు. ఆ కింద ఇంకో ముక్క: "పెళ్లి చీర. గురువారం లోపల చేరాలె."

జీవరాజు వంగి చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఇది మా బ్రహ్మచారి సార్ రాత గదమ్మా. మీకాడ ఎట్లున్నది?"

ఆవిడ చీటీ మడిచి మళ్లీ ఎర్రదారం చుట్టసాగింది.

"ఇరవై ఎనిమిదేండ్లు ఈ కుర్చీల కూసుండి, ఆలస్యంగ వచ్చి ఏడ్చేటోళ్లను చూసి చూసి, రిటైరైనంక ఇంకెవ్వలు సుత ఈడికి రావద్దని ఆ మెట్లకాడ దబ్బనం పట్టుకుని కూసున్నడమ్మా."