చివరి వరసలో గొడుగు

"వినపడలేదు!"

హాలు చివరి వరసలోంచి కేక. వెనకే నేల మీద గొడుగు కొట్టిన చప్పుడు.

స్టేజి మీద మూడో తరగతి చీమ బిక్కచచ్చిపోయింది.

డ్రామా టీచర్‌కి ఒళ్ళు మండింది. వారం రోజులుగా ఇదే తంతు. బడి హాలు తలుపు వీధిలోకి ఉంటుంది. రిహార్సల్ మొదలవగానే ఎవరో పెద్దావిడ, బొట్టు పెట్టి పిలిచినట్టే వచ్చి, చివరి వరసలో కూర్చుంటుంది. పిల్లలు 'గొడుగు మామ్మ' అని పేరు కూడా పెట్టేశారు.

"ఎదురు మేడలో ఉంటారట," అన్నాడు వాచ్‌మన్. అంతకుమించి ఎవరికీ తెలియదు.

నాటకం చిన్నదే. రాజు కోట కట్టిస్తుంటాడు. చీమలన్నీ రాళ్ళు మోస్తుంటాయి. ఒక బుల్లి చీమ మాత్రం ఎదురు తిరిగి, "నేను మొయ్యను!" అనాలి. నాటకానికి ప్రాణం ఆ ఒక్క మాట.

ఆ మాట అనాల్సిన పిల్లని క్లాసంతా 'గుసగుస' అంటారు. హాజరు పిలిస్తే ఆ పిల్ల పలికిన సంగతి పక్కపిల్ల చెప్పాలి.

హెడ్మాస్టర్ మొదట్లోనే అడ్డం పడ్డాడు.

"గొంతు లేని పిల్లకి ఆ వేషం ఎందుకమ్మా? చెట్టుగా నిలబెట్టండి."

"చెట్టుకి అట్టముక్క చాలు సార్. పిల్ల దేనికి?"

"శుక్రవారం నేనొచ్చి చివరి వరసలో కూర్చుంటా. అక్కడిదాకా వినపడకపోతే వేషం మార్చేస్తా."

"దాంతోపాటు టీచర్నీ మార్చుకోండి."

అనడమైతే అనేసింది గానీ, గది దాటాక ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోదు. గొంతున్న పిల్లలకైతే నేనెందుకు, మైకు చాలదూ అని ఆమె వాదన.

గురువారం వచ్చింది.

"నేను... మొయ్యను," అంది గుసగుస.

"వినపడలేదు!"

రాజు వేషం వేసిన బొద్దుగాడికి రోషం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరేలా అరిచాడు.

"ఎవరక్కడ! పట్టుకోండి ఈ చీమని!"

"వినపడలేదు!"

పిల్లలు గొల్లుమన్నారు.

"అన్యాయం టీచర్! వీధి చివరి వాళ్ళు కూడా వినుంటారు!"

గుసగుస మాత్రం నవ్వలేదు. పెదవులు బిగించి చివరి వరసకేసి గుర్రుగా చూస్తోంది. పిల్ల ఇక ఏడుస్తుందనుకుంది టీచర్.

గబగబా పక్క నడవలోంచి హాలు వెనక్కి నడిచింది.

"ఏమండీ! మిమ్మల్నే!"

దున్నపోతు మీద వాన కురిసినట్టే. మామ్మ తల కూడా తిప్పలేదు. ఎంత పొగరు!

టీచర్ ముందుకొచ్చి ఎదురుగా నిలబడింది.

"మా పిల్లలు మీకు భయపడుతున్నారు. రేపు వాళ్ళకి పరీక్ష. మీరింక ఇటు రావద్దు."

మామ్మ ఆమె మొహంలోకి కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా లేచింది.

"ఇది వినపడింది," అంది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

పైగా వెటకారమొకటి అని టీచర్ పళ్ళు నూరుకుంది.

మర్నాడు హెడ్మాస్టర్ టీ గ్లాసుతో సహా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. తెర పక్కన గుసగుస టీచర్ కొంగు లాగింది.

"మామ్మ ఏది టీచర్?"

"రాదులే. నీకింక భయం లేదు."

"భయమా? పందెం టీచర్! మామ్మ చేత 'వినపడింది' అనిపిస్తానని."

"ఎవరితో పందెం?"

"నాతో నాకే."

ఈలోగా తెర తొలగిపోయింది.

రాజు గర్జించాడు. చీమ పలకలేదు. మామ్మ కుర్చీ వైపు చూసింది. ఖాళీ. హెడ్మాస్టర్ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

చీమ చూపు తెరిచి ఉన్న తలుపులోంచి వీధి దాటి, ఎదురు మేడ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. రెండడుగులు ముందుకేసి, స్టేజి అంచున నిలబడింది.

"నేను మొయ్యను!"

గొంతు అదే, సన్నగానే ఉంది. కానీ ఆ పిల్ల ఇక చచ్చినా మొయ్యదని హాల్లో అందరికీ తెలిసిపోయింది. రాజుగాడు నిజంగానే జడిసి వెనక్కి తగ్గాడు.

"మొయ్యనంటే మొయ్యను!"

రెండోది నాటకంలో లేదు.

"ఉండనివ్వండి," అన్నాడు హెడ్మాస్టర్, కూర్చుంటూ. "వేషం ఆ పిల్లకే ఉండనివ్వండి."

నాటకం ముగిసి తెర పడగానే టీచర్ వీధిలోకి పరిగెత్తింది. పిల్ల చేత ఆ మాట అనిపించినావిడని తానే బయటికి పంపింది. కాళ్ళు పట్టుకునైనా తీసుకురావాలి.

మేడ మెట్ల దగ్గర ఒకావిడ తలుపుకి తాళం వేస్తోంది.

"గొడుగుతో మా హాలుకి వచ్చే పెద్దావిడ..."

"మా అత్తయ్యగారా? అయ్యో, ఇప్పుడే కారెక్కించామండీ. ఇకమీదట వేరే ఊళ్ళో మా మరిది దగ్గరే ఉంటారు. రేపు వెళ్తా, ఎల్లుండి వెళ్తా అని వారంగా సాగదీశారు. నిన్న సాయంత్రం ఏమైందో, పంపించెయ్యండి అన్నారు."

టీచర్ గిరుక్కున తిరిగి వీధి చివరికేసి చూసింది.

"ఇందాక కూడా బాల్కనీలోంచి మీ హాలుకేసే చూస్తున్నారు. ఉన్నట్టుండి గొడుగు నేలకేసి కొట్టి, 'వినపడింది, వినపడింది' అని ఒకటే కేక. కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకున్నారు."

"ఇంత దూరం వినపడిందా అండీ?"

"ఎక్కడి వినపడటమండీ! నాటకాలాడే రోజుల్లోనే ఆవిడకి రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత కూడా, ఎదుటివాళ్ళ మొహంలో మాట కనపడ్డాకే తన మాట అందుకుంటూ, ఇంకా ఎన్నో ఏళ్ళు స్టేజిని ఏలారు."